గట్టి పెట్టెకు కొత్త జ్ఞాపకశక్తి

(దుమ్ము, వేడి, అదురుల నడుమ పనిచేసే ల్యాప్‌టాప్‌లో మెమరీని, నిల్వ సామర్థ్యాన్ని పెంచుకొనే విధానం)

— ఒక విశ్రాంత ఉద్యోగి, భిలాయ్

యంత్రానికి వయస్సు రావడం వేరు, యంత్రం పనికిరాకుండా పోవడం వేరు. ఈ రెండింటికీ గల భేదాన్ని ఉక్కు కర్మాగారపు మరమ్మతు విభాగాలలో పనిచేసినవారికి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. బేరింగు అరిగిందని ఫ్యాను మొత్తాన్ని ఎవరూ తుక్కులో వేయరు. అరిగినదేదో కనుగొని, దానిని మార్చి, తక్కిన యంత్రాన్ని మళ్ళీ పనిలో పెడతారు. అయితే కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి మనలో చాలామంది ఈ వివేకాన్ని పక్కన పెట్టడం కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ కాస్త నెమ్మదించగానే దానిని అటక మీదికి పంపి, కొత్తది కొనడానికి సిద్ధపడుతున్నారు. ముప్ఫై అయిదేళ్ళు మరమ్మతులతోనే జీవించిన నేను సైతం ఇందుకు మినహాయింపు కాను. నా అభిప్రాయం మారడానికి కారణమైన ఒక సంఘటనను, తదనంతరం నేర్చుకొన్న విషయాలను మన ఉక్కు కుటుంబ సభ్యులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక మధ్యాహ్నం జరిగినది

2018లో పదవీ విరమణ చేసిన పిమ్మట నేను ఖాళీగా కూర్చోలేదు. భిలాయ్, రాయపూర్ పరిసరాలలోని చిన్న చిన్న కర్మాగారాలలో ఫ్యాన్ల కంపనాన్ని కొలవడం, సమతుల్యం చేయడం నాకు తెలిసిన విద్య. దానినే కొనసాగిస్తున్నాను. ఇందుకోసం 2019లో ఒక రగ్గడ్ ల్యాప్‌టాప్‌ను, అనగా కఠిన పరిస్థితులకు తట్టుకొనేలా నిర్మించిన ల్యాప్‌టాప్‌ను, వాడినదే అయినా మంచి స్థితిలో ఉండగా కొన్నాను. అది 2016 ప్రాంతపు తయారీ. మెమరీ 4 గిగాబైట్లు. నిల్వకు 500 గిగాబైట్ల హార్డ్ డిస్కు. కొన్ననాడు అది నాకు ఐరావతమే.

2025 ఏప్రిల్‌లో ఒకనాటి మధ్యాహ్నం సిల్తరా వైపు ఒక చిన్న రోలింగ్ మిల్లు నుండి పిలుపు వచ్చింది. కొలిమికి గాలినందించే బ్లోయరు విపరీతంగా అదురుతోంది. పరికరాన్ని బేరింగుకు తగిలించి చూడగా కంపన వేగం సెకనుకు 11 మిల్లీమీటర్లు దాటింది. అది అలక్ష్యం చేయదగిన అంకె కాదు. అయితే అంకె ఒక్కటే రోగాన్ని చెప్పదు. ఏ ఆవృత్తి వద్ద ఎంత కంపనం ఉన్నదో స్పెక్ట్రమ్ గీతలో చూడాలి. అంతకుముందు తీసిన రీడింగులతో పోల్చాలి. అప్పుడు గాని అది బేరింగు లోపమా, అసమతుల్యతా, బిగింపు వదులా అన్నది తేలదు.

ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఫ్యాను పాత రికార్డు కోసం నొక్కాను. తెర మీద చక్రం తిరగసాగింది. ఒక నిమిషం, మూడు నిమిషాలు, అయిదు నిమిషాలు. బ్లోయరు అదురు కాళ్ళకు తెలుస్తున్నది. సూపర్వైజరు నా ముఖంలోకి చూస్తూ, “సార్, ఆపమంటారా, నడపమంటారా?” అని రెండుసార్లు హిందీలో అడిగాడు. మూడవసారి అడగనివ్వడం ఇష్టం లేక, “ఆపండి” అన్నాను.

బ్లోయరు ఆగింది, దానితో కొలిమి ఆగింది, మిల్లు ఆగింది. తెర మీద గీత ప్రత్యక్షమయ్యేసరికి నేను నొక్కినప్పటి నుండి పదకొండు నిమిషాలు గడిచాయి. గీతలో ఫ్యాను వేగానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల ఆవృత్తుల వద్ద వరుసగా శిఖరాలు నిలిచి ఉన్నాయి. అవి వదులు బిగింపుకు గుర్తులు. బేరింగు నిక్షేపంగా ఉంది. వెళ్ళి చూడగా ఒక ఫౌండేషన్ బోల్టు వదులైనది. సాయంత్రం రోలర్లు మార్చే వేళ ఎలాగూ మిల్లు ఆగుతుంది. అంతవరకు కనిపెట్టుకొని ఉండి, అప్పుడు బిగించి ఉంటే సరిపోయేది. నా తొందరపాటు వలన రెండున్నర గంటల ఉత్పత్తి పోయింది. ఆ మిల్లువారు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

బల్ల చిన్నదైతే...

స్మృతి నగర్‌లోని ఇంటికి వచ్చి, “ఈ పెట్టె పని అయిపోయింది, కొత్తది కొనాలి” అన్నాను. ఇంజనీరింగు రెండవ సంవత్సరం చదువుతున్న మా మనుమరాలు, “తాతయ్యా, ఫ్యాను అదిరితే ముందు కొలుస్తారు కదా! దీన్ని కొలవకుండానే తీర్పు చెప్పేస్తున్నారేం?” అన్నది. సమాధానం చెప్పలేకపోయాను.

ఆమె టాస్క్ మేనేజర్ అనే పట్టికను తెరిచి చూపించింది. నా సాఫ్ట్‌వేరు నడుస్తుండగా మెమరీ వాడకం నూటికి 94 వద్ద, డిస్కు వాడకం నూటికి 100 వద్ద నిలిచి ఉన్నాయి. ప్రాసెసరు మాత్రం నూటికి 20 కూడా దాటలేదు. అనగా మెదడు ఖాళీగానే ఉన్నది. చేతికి వస్తువు అందడం లేదు.

ఈ విషయాన్ని మన వర్కుషాపు భాషలో చెప్పుకొందాం. ర్యామ్ అనబడే మెమరీ ఫిట్టరు ముందున్న పని బల్ల వంటిది. హార్డ్ డిస్కు స్టోర్సు గిడ్డంగి వంటిది. బల్ల మీద ఉన్న పనిముట్టును వెంటనే అందుకోవచ్చు. గిడ్డంగిలో ఉన్నదానికి స్లిప్పు రాసి, మనిషిని పంపి, తెప్పించుకోవాలి. బల్ల మరీ చిన్నదైతే, ఒక పనిముట్టును పెట్టడానికి మరొక దానిని గిడ్డంగికి తిప్పి పంపాలి. కాసేపటికి మళ్ళీ అదే కావలసి వస్తుంది. ఫిట్టరు ఎంత నేర్పరి అయినా అతని పూట అంతా స్టోర్సుకు తిరగడంతోనే సరిపోతుంది. మెమరీ చాలని కంప్యూటరు సరిగ్గా ఇదే చేస్తుంది. మెమరీలో పట్టనిదానిని డిస్కు మీద వ్రాసి, అవసరమైనపుడు తిరిగి చదువుకొంటుంది.

పైగా ఆ గిడ్డంగి కూడా మందకొడిదే. హార్డ్ డిస్కులో అయస్కాంత పూత గల పళ్ళెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంటే, చదివే తల దానికి నానోమీటర్ల ఎత్తున తేలుతూ వెతుకుతుంది. కావలసిన చోటు చేరడానికి సగటున 12 మిల్లీ సెకన్లు పడుతుంది. కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి.లో ఇదే పని సుమారు 0.1 మిల్లీ సెకనులో ముగుస్తుంది. కనుక మా రోగి సమస్యలు రెండు: చిన్న బల్ల, నెమ్మది గిడ్డంగి. రెండూ మార్చదగిన భాగాలే.

జ్ఞాపకానికీ ఇనుముకూ చుట్టరికం

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ముందుకు సాగలేను. భిలాయ్ కర్మాగార స్థాపనకు సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగినది 1955 ఫిబ్రవరి 2న. ఆ మరుసటి సంవత్సరమే, 1956లో, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్కును వెలువరించింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళాలు, టన్నుకు పైబడిన బరువు, సామర్థ్యం మాత్రం 50 లక్షల అక్షరాలు. ఆ పళ్ళాల మీది పూత ఐరన్ ఆక్సైడు. మనం తుప్పు అని తీసి పారవేసే పదార్థపు కుటుంబానికి చెందినదే మానవుని లెక్కలను గుర్తుంచుకొన్నదన్న మాట.

మన మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ గారు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో స్వదేశీ కంప్యూటరు టిఫ్రాక్ పనిలోకి వచ్చింది. దాని మెమరీ చిన్న చిన్న ఫెర్రైట్ వలయాలతో కూర్చినది. ఫెర్రైట్ కూడా ఇనుప ఆక్సైడు ఆధారితమే. అందులో ఒక్కొక్కటి 40 బిట్ల చొప్పున 2,048 పదాలు పట్టేవి. నేటి కొలతలో అది 10 కిలోబైట్లు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే 16 గిగాబైట్ల మెమరీ దానికి పదహారు లక్షల రెట్ల పైమాట!

తరువాతి కథ ఇసుక నుండి పుట్టిన సిలికానుది. నేటికీ వాడుకలో ఉన్న డైనమిక్ మెమరీని ఐ.బి.ఎం.లో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఊహించారు. 1968లో దానికి పేటెంటు లభించింది. ఎస్.ఎస్.డి.లకు ప్రాణమైన ఫ్లాష్ మెమరీని జపాన్‌లోని తోషిబాలో ఫుజియో మసువోకా 1980ల నాటికి రూపొందించారు. విద్యుత్తు పోగానే మరచిపోయేది మొదటిది. విద్యుత్తు పోయినా గుర్తుంచుకొనేది రెండవది. బల్లకు మొదటిది, గిడ్డంగికి రెండవది.

గట్టితనానికి ప్రమాణాలు

రగ్గడ్ ల్యాప్‌టాప్ అనగానే చాలామంది బరువైన పెట్టె అనుకొంటారు. ఈ తరగతిలో ప్రసిద్ధమైన పానసోనిక్ టఫ్‌బుక్ 1996 నుండి ఉన్నది. తైవాన్‌కు చెందిన గెటాక్, అమెరికాకు చెందిన డెల్ వంటి సంస్థలు కూడా ఇటువంటివి తయారు చేస్తున్నాయి. వీటి గట్టితనాన్ని చెప్పడానికి సాధారణంగా రెండు కొలమానాలు వాడతారు.

మొదటిది ఐ.పి. అంకె. ఇందులో మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి సంబంధించినది. ఐ.పి. 65 అంటే దుమ్ము లోపలికి బొత్తిగా చొరబడదని, ఏ దిక్కు నుండి నీటి ధార కొట్టినా హాని జరగదని అర్థం. రెండవది అమెరికా రక్షణ శాఖ 1962లో తొలిసారి ప్రకటించిన మిల్-స్టాండర్డ్ 810. ఇందులోని ఒక పరీక్షలో పరికరాన్ని 122 సెంటీమీటర్ల ఎత్తు నుండి ముఖాలు, అంచులు, మూలలు నేలను తాకేలా 26 మార్లు పడవేస్తారు. అయితే ఇది పరీక్షా విధానం మాత్రమే. సైన్యం స్వయంగా ఇచ్చే ధ్రువపత్రం కాదు. ఏయే పరీక్షలు చేశారో తయారీదారు పత్రంలో చదివి తెలుసుకోవలసి ఉంటుంది.

మన పరిసరాలలో దుమ్ము మాట మరీ ముఖ్యం. ఇంటి దుమ్ము గాలిని అడ్డగించి వేడి పెంచుతుంది. ఉక్కు షాపుల దుమ్ము అంతటితో ఆగదు. ఇనుప రజను, ద్రవ ఇనుము చల్లారేటప్పుడు తేలే ‘కిష్’ గ్రాఫైటు రేకులు విద్యుత్తును ప్రవహింపజేస్తాయి. అటువంటి ఒక్క రేకు రెండు సన్నని కాళ్ళ నడుమ పడితే బోర్డు కాలిపోవచ్చు. కావున ఈ పెట్టెకు ఆయువుపట్టు దాని లోహపు కవచం కాదు, మూతల చుట్టూ ఉండే సన్నని రబ్బరు గాస్కెట్టు. విప్పి తిరిగి బిగించే మనిషి మొదట గుర్తుంచుకోవలసినది ఇదే.

విప్పడానికి ముందు

స్క్రూ డ్రైవరు చేతిలోకి తీసుకొనే ముందు మా మనుమరాలు మరొక పరీక్ష చేసింది. ప్రతి డిస్కు తన ఆరోగ్యపు లెక్కను ‘స్మార్ట్’ అనే పట్టికలో తానే వ్రాసుకొంటుంది. దానిని చదివే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అందులో చూడవలసిన పద్దులు ప్రధానంగా రెండు: చెడిపోయి వేరే చోటికి మార్చబడిన సెక్టార్ల సంఖ్య, చదవడం కష్టమై నిరీక్షణలో ఉన్న సెక్టార్ల సంఖ్య. ఆరోగ్యవంతమైన డిస్కులో ఇవి రెండూ సున్నా ఉండాలి. మా డిస్కులో సున్నా లేదు. రెండు రోజుల తరువాత మళ్ళీ చూస్తే అంకెలు పెరిగాయి.

అప్పటి వరకు నా ఆలోచన వేగం గురించే. ఆ క్షణాన ఆరేళ్ళ రీడింగులు కళ్ళ ముందు మెదిలాయి. ఎన్నో ఫ్యాన్లు, పంపులు, గేరు పెట్టెల చరిత్ర అందులో ఉన్నది. పాత రీడింగు లేకుండా కొత్త రీడింగుకు విలువ సగమే. వైద్యుడు రోగి పాత చీటీలు పోగొట్టుకొన్నట్లే అవుతుంది. వాటికి నేను ఎన్నడూ నకలు తీసి ఉంచలేదు. ఇతరుల యంత్రాలకు నివారణ చర్యలు బోధించే మనిషి తన యంత్రం విషయంలో చేసిన నిర్వాకం ఇది.

అందువలన పని వరుస మారింది. మొట్టమొదట ముఖ్యమైన ఫోల్డర్లను ఒక బయటి డిస్కులోకి నకలు తీశాం. తరువాతనే కొనుగోలు. ఈ క్రమాన్ని ఎవరూ తారుమారు చేయకూడదు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉన్నట్లయితే 48 అంకెల రికవరీ కీని ముందుగా కాగితం మీద వ్రాసుకోవడం కూడా అవసరం.

ఏది కొనాలి?

ఇక్కడ నా వంతు తప్పు ఒకటి ఉన్నది. సుపేలా బజారుకు వెళ్ళి, “ల్యాప్‌టాప్ మెమరీ ఇవ్వండి” అని అడిగి, మోడలు నంబరు చెప్పకుండానే డి.డి.ఆర్.3 రకం స్టిక్కు తెచ్చాను. నా ల్యాప్‌టాప్‌కు కావలసినది డి.డి.ఆర్.4. చూడడానికి రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. కాని ల్యాప్‌టాప్‌లకు వాడే రకంలో డి.డి.ఆర్.3కు 204 కాళ్ళు, డి.డి.ఆర్.4కు 260, డి.డి.ఆర్.5కు 262. వోల్టేజీలు వేరు, అడుగున ఉండే గాడి చోటు వేరు. గాడి కుదరలేదు. కాస్త బలంగా తోస్తే కూర్చుంటుందనే మిల్లు బుద్ధి నాకు కలిగింది. మనుమరాలు చెయ్యి పట్టుకొని ఆపింది. ఆ గాడి ఉన్నదే మనబోటి వారిని ఆపడానికి! ఆ స్టిక్కును మార్చుకొని సరైనది తెచ్చుకొన్నాను.

కొనబోయేవారు గమనించవలసిన విషయాలను క్రోడీకరిస్తున్నాను.

1. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడలు నంబరుతో తయారీదారు సర్వీసు మాన్యువల్‌ను చూడాలి. మెమరీ రకం, అత్యధిక పరిమితి, స్లాట్ల సంఖ్య అందులో ఉంటాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మెమరీని బోర్డు మీదనే అతికించి ఉంచుతారు. అటువంటి వాటిలో పెంచడం కుదరదు.

2. రెండు స్లాట్లు ఉంటే 16 గిగాబైట్ల స్టిక్కు ఒక్కటి పెట్టడం కన్న 8 గిగాబైట్లవి రెండు పెట్టడం మేలు. రెండు దారులలో సరకు రవాణా జరిగి వేగం పెరుగుతుంది. ఎక్కువ వేగపు స్టిక్కు తెచ్చినా యంత్రం తన పరిమితికి మించి పరుగెత్తదు.

3. విండోస్ 32 బిట్ల రకమైతే 4 గిగాబైట్లకు మించిన మెమరీని సాధారణంగా వాడుకోలేదు. ముందుగా 64 బిట్లదా అని చూసుకోవాలి.

4. ఎస్.ఎస్.డి.లలో రూపాలు వేరు. పాత హార్డ్ డిస్కు స్థానంలో కూర్చునే రెండున్నర అంగుళాల సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదవగలదు. చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎం.2 రూపంలో సాటా రకమూ ఉన్నది, అంతకన్న ఎన్నో రెట్లు వేగవంతమైన ఎన్.వి.ఎం.ఇ. రకమూ ఉన్నది. మన యంత్రం ఏది అంగీకరిస్తుందో అదే కొనాలి. రెండున్నర అంగుళాల వాటిలో 7, 9.5 మిల్లీమీటర్ల మందాలు ఉండేవి. వదులుగా కూర్చుంటే అదురుకు కనెక్టరు అరుగుతుంది.

5. పాత డిస్కును ఉన్నదున్నట్లు నకలు తీయదలచుకొంటే కొత్తది దానికి సమానంగా గాని, పెద్దదిగా గాని ఉండాలి. 500 స్థానంలో 480 పట్టదు.

6. అతి వేడి ప్రదేశాలలో పనిచేసేవారు ఉష్ణోగ్రత పరిమితిని చూడాలి. సాధారణ ఎస్.ఎస్.డి.లు 0 నుండి 70 డిగ్రీల వరకు, పారిశ్రామిక రకాలు మైనస్ 40 నుండి 85 డిగ్రీల వరకు పనిచేసేలా తయారవుతాయి.

నేను 8 గిగాబైట్ల స్టిక్కులు రెండు, 1 టెరాబైటు సాటా ఎస్.ఎస్.డి. ఒకటి తీసుకొన్నాను. మెమరీ ధరలు స్థిరంగా ఉండవు. 2025 చివరి నుండి అవి గణనీయంగా పెరగడం కూడా చూశాం. కావున అవసరాన్ని కొలిచి కొనడమే విజ్ఞత.

ఆదివారం ఉదయం

పాత డిస్కులో చెడిన సెక్టార్లు ఉన్నందున, చదవలేని చోటును దాటవేసి తక్కినదంతా ముందుగా తీసుకొని, చివరన మొండి భాగాలకు తిరిగి వచ్చే సాఫ్ట్‌వేరును వాడాం. ఎస్.ఎస్.డి.ని యు.ఎస్.బి. తీగతో తగిలించి శనివారం రాత్రి మొదలుపెట్టగా తెల్లవారే సరికి పూర్తయింది. ఆ రాత్రి రెండుసార్లు లేచి చూశానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆదివారం ఉదయం వరండాలో, కిటికీ వెలుతురులో పని ప్రారంభించాం. తడిగుడ్డతో పెట్టె పైనంతా తుడిచి ఆరబెట్టాం. మూత తీశాక దుమ్ము లోపల రాలకూడదు కదా! ఛార్జరు తీసి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఉంచి మిగిలిన విద్యుత్తును పోగొట్టాం. వేసవి పొడిగాలిలో మన ఒంటి మీద స్థిర విద్యుత్తు కూడుతుంది. అది సుమారు 3,000 వోల్టులు దాటితే గాని మనకు చురుక్కుమనదు. సున్నితమైన చిప్పుకు అందులో వందల పాలు కూడా ప్రాణాంతకమే. కనుక మణికట్టు పట్టీ ధరించి, దాని తీగను భూమికి అనుసంధానించాను. నైలాను బట్టలు వద్దన్నది కూడా ఇందుకే.

విప్పిన స్క్రూలను కాగితం మీద మూత బొమ్మ గీసి అదే స్థానంలో గుచ్చి ఉంచాం. పొడవు స్క్రూ పొట్టి రంధ్రంలో పడితే బోర్డుకు చిల్లు పడవచ్చు. మెమరీ స్టిక్కును అంచులతో పట్టుకొని, బంగారు కాళ్ళను వేలితో తాకకుండా, ఏటవాలుగా స్లాటులోకి జొనిపి, మెల్లగా కిందికి వంచగా రెండు పక్కల క్లిప్పులు టక్కుమని పట్టుకొన్నాయి. డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి.ని దాని రబ్బరు మెత్తలతో సహా అమర్చాం. అసలు పని ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఒక వెంట్రుక కథ

మూత పెట్టి, స్క్రూలు బిగించబోతుండగా మా శ్రీమతి కళ్ళజోడు సవరించుకొంటూ, “ఏమండీ, ఆ రబ్బరు మీద వెంట్రుక ఉంది చూడండి” అన్నది. నిజమే. గాస్కెట్టుకు అడ్డంగా ఒక తెల్ల వెంట్రుక. అది ఎవరిదో విచారించనవసరం లేదు. కంటికి ఆనని ఆ సందు గుండానే నీరు ఎగబాకుతుంది, రజను చేరుతుంది. వేలు వెచ్చించి కొన్న ఐ.పి. 65 ఒక వెంట్రుక వలన వమ్మయ్యేది.

గాస్కెట్టును మెత్తని పొడిగుడ్డతో తుడిచి, పగుళ్ళు, సాగుదల లేవని నిర్ధారించుకొన్నాం. పగిలిన గాస్కెట్టును తిరిగి వాడరాదు. స్క్రూలను ఒక్కటొక్కటిగా పూర్తిగా బిగించకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని విడతలవారీగా బిగించాం. ఇది ఫ్లాంజి బోల్టులు బిగించే పద్ధతే. అక్కడ స్పానరు, ఇక్కడ చిన్న స్క్రూ డ్రైవరు. నియమం ఒక్కటే. పక్కనున్న పోర్టుల తలుపులను ఫ్రిజ్ తలుపును పరీక్షించినట్లు పరీక్షించాం. సన్నని కాగితపు పట్టీని తలుపు సందున ఉంచి మూసి లాగితే, అన్ని వైపులా ఒకే బిగింపు తెలియాలి.

ఫలితం

స్విచ్చి నొక్కగానే ముందు బయోస్ పేజీలో 16 గిగాబైట్లు కనిపించాయి. ఆ రాత్రంతా మెమరీ పరీక్ష నడిపించాం. ఒక్క దోషం కూడా రాలేదు. మునుపు పని మొదలుపెట్టడానికి నాలుగు నిమిషాలు తీసుకొనే యంత్రం ఇప్పుడు అర నిమిషం లోపున సిద్ధమవుతున్నది. పదకొండు నిమిషాలు పట్టిన ఆ పాత రికార్డు ఆరు సెకన్లలో తెరుచుకొన్నది. మా మనుమరాలు చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఆనాటి మిల్లు, ఆగిన కొలిమి గుర్తుకు వచ్చాయి.

మూడు వారాల పిమ్మట, ఏదో ఫైలు పోల్చి చూద్దామని పాత హార్డ్ డిస్కును యు.ఎస్.బి. తీగకు తగిలించాను. టిక్, టిక్ అని గోడ గడియారంలా చప్పుడు చేసింది తప్ప తెరుచుకోలేదు. మళ్ళీ ఎన్నడూ తెరుచుకోలేదు. ఆ మూడు వారాలు ఆలస్యం చేసి ఉంటే ఆరేళ్ళ రీడింగులు దానితోపాటే పోయేవి.

వర్షాలు మొదలయ్యాక అదే మిల్లు నుండి మరల పిలుపు వచ్చింది. ఈసారి ఇంకొక ఫ్యాను. నేను ల్యాప్‌టాప్ తెరిచాను, పాత గీతను కొత్త గీత పక్కన పెట్టాను, “సాయంత్రం వరకు నడపవచ్చు, అప్పుడు రెక్కలు శుభ్రం చేసి సమతుల్యం చేద్దాం” అన్నాను. సూపర్వైజరుకు రెండవ మాట అడిగే అవసరం కలుగలేదు.

మరచిపోరాని మాటలు

ఉత్సాహంతో పనిలోకి దిగే ముందు సోదర ఉద్యోగులు కొన్ని పరిమితులను గుర్తుంచుకోవాలి.

కార్యాలయం ఇచ్చిన కంప్యూటరును ఎట్టి పరిస్థితులలోను సొంతంగా విప్పరాదు. అది సంస్థ ఆస్తి. అందులోని సమాచారం సంస్థది. కంప్యూటరు విభాగానికి తెలియజేయడమే మన కర్తవ్యం. సొంత ల్యాప్‌టాప్ అయినా వారంటీ ఉన్నంతకాలం నిబంధనలు చదివి గాని ముట్టుకోరాదు. గట్టి పెట్టెల విషయంలో, మూత విప్పిన తరువాత నీటి నిరోధానికి తయారీదారు హామీ కొనసాగుతుందో లేదో కూడా తెలుసుకోవాలి.

మెమరీ పెంచినంత మాత్రాన వయస్సు తగ్గిపోదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. విండోస్ 11 అధికారికంగా అడిగే ప్రాసెసరు నా యంత్రంలో లేదు. కావున దానిని అంతర్జాలానికి కలపకుండా కొలతల పనికే పరిమితం చేశాను. బ్యాంకు లావాదేవీలు, ఉత్తరాలు వేరే యంత్రంలో చూసుకొంటున్నాను. పాత యంత్రానికి కొత్త పని అప్పగించకపోవడం కూడా మరమ్మతులో భాగమే.

ఎస్.ఎస్.డి.లో వ్రాతలకు ఒక పరిమితి ఉన్నది. ఉదాహరణకు 300 టెరాబైట్లు అని తయారీదారు పేర్కొంటే, రోజుకు 20 గిగాబైట్లు వ్రాసినా అది నలభై ఏళ్ళ లెక్క. కనుక దాని గురించి బెంగపడనక్కరలేదు. బెంగపడవలసినది మరొకటి. విద్యుత్తు లేకుండా, వేడి గదిలో, నెలల తరబడి బీరువాలో ఉంచిన ఎస్.ఎస్.డి. తన జ్ఞాపకాన్ని క్రమేణా కోల్పోవచ్చు. బాగా వాడి అరిగిన ఎస్.ఎస్.డి. 30 డిగ్రీల వద్ద ఒక సంవత్సరం పాటు సమాచారాన్ని నిలుపుకోవాలన్నదే గృహ వినియోగపు రకాలకు ఉన్న ప్రమాణం. మన మే నెల ఎండలు 30 డిగ్రీలతో ఆగవు గదా! కావున పెళ్ళి ఫోటోలను, పిల్లల సర్టిఫికెట్లను ఒక్క ఎస్.ఎస్.డి.లో పెట్టి తాళం వేసి నిశ్చింతగా ఉండకూడదు. రెండు వేర్వేరు చోట్ల నకళ్ళు ఉంచి, ఆరు నెలలకు ఒకసారైనా తెరిచి చూస్తూ ఉండాలి.

ఇక చెడిన డిస్కు సంగతి. దానిని చెత్తబుట్టలో వేయకూడదు, మేకు కొట్టి పగులగొట్టనూ కూడదు. ల్యాప్‌టాప్ డిస్కుల పళ్ళాలు తరచుగా గాజుతో చేసినవే. పెంకులు కళ్ళలో పడే ప్రమాదం ఉన్నది. 2022లో వెలువడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలను అనుసరించి నమోదైన రీసైక్లింగు సంస్థలకు చేర్చడమే సరైన మార్గం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుండి ఒక ట్రంకు పెట్టెతో ఈ ఊరికి వచ్చిన తెలుగు కుటుంబాలు భిలాయ్‌లో ఎన్నో ఉన్నాయి. మా తండ్రిగారు అలా వచ్చినవారే. ఆ ట్రంకు పెట్టెకు తాళం పట్టీ ఊడితే పట్టీ వేయించారు, అడుగు తుప్పు పడితే అడుగు మార్పించారు, పెట్టెను మాత్రం పారవేయలేదు. అది నేటికీ మా ఇంట్లో ఉన్నది. ప్రస్తుతం దాని మీదనే నా ల్యాప్‌టాప్ కూర్చుని ఉన్నది.

మీ ఇంట్లో కూడా నెమ్మదించిన ల్యాప్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది. దానికి తీర్పు చెప్పే ముందు ఒకసారి కొలవండి. అన్నిటికన్న ముందు, ఈ పత్రికను పక్కన పెట్టి లేచిన వెంటనే, అందులోని ముఖ్యమైన వాటికి ఒక నకలు తీయండి. మెమరీ, ఎస్.ఎస్.డి. వచ్చే నెలలో కూడా కొనుక్కోవచ్చు. పోయిన రీడింగులను ఏ బజారులోను కొనలేము.